పాలగది నామకరణం

పసిబిడ్డలకు పాలిచ్చే తల్లుల సౌకర్యార్థం మహానిఘంటు కార్యాలయంలో ఒక గది కేటాయించాలన్న ప్రతిపాదన ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అందరం సంతోషించవలసిన విషయం. విరిగిన కుర్చీలు పడేసే గదిని ఖాళీ చేయించి, కడిగించి, గోడలకు లేత నీలం రంగు వేయించారు. చేతులున్న కుర్చీ ఒకటి, చిన్న బల్ల ఒకటి, కిటికీకి మందపాటి కర్టెను, తలుపుకు లోపలివైపు కొత్త గడియ, అన్నీ అమరాయి. ఇక అందులో కూర్చుని బిడ్డకు పాలివ్వడానికి ఒక్కటే అడ్డంకి మిగిలింది. గదికి పేరు లేదు.

పేరు లేకపోతే ఏమిటట అని మీబోటి మామూలు మనుషులు అడుగుతారు. అది నిఘంటువు తయారయ్యే చోటండీ. పేరు లేని వస్తువు అక్కడ ఉన్నట్టు లెక్కకాదు. మెట్ల కింద చీపుర్లు పెట్టుకునే సందుకు కూడా 'సమ్మార్జనీ కోష్ఠం' అని బోర్డు తగిలించి ఉంది. చీపురు కోసం వచ్చినవాళ్ళు ఆ బోర్డు చదివి, ఇక్కడ ఉండదు కాబోలు అనుకుని, పక్క ఆఫీసుకు వెళ్ళి అరువు తెచ్చుకుంటారు. అంతటి పద్ధతి గల కార్యాలయంలో పేరు పెట్టందే గది తాళం తీయడం కుదరదని ప్రధాన సంపాదకులు నానార్థాలుగారు సెలవిచ్చారు.

నానార్థాలు ఆయన అసలు పేరు కాదు. ఏమడిగినా "ఏ అర్థంలో?" అని ఎదురు ప్రశ్న వేస్తారు కనక ఆఫీసువాళ్ళు పెట్టుకున్న పేరు. భోంచేశారా అని అడిగినా అదే సమాధానం. ఆయన కింద ఉపసంపాదకులు వ్యుత్పత్తిగారు. ఆయన్ని ఏ మాట అడిగినా దాని ముత్తాతల దగ్గర మొదలుపెట్టి, మాట దగ్గరికి వచ్చేసరికి ఆఫీసు కట్టేసే వేళవుతుంది. ఇద్దరూ మంచివాళ్ళే. ఈ కథలో చెడ్డవాళ్ళు లేరని ముందే మనవి చేసుకుంటున్నాను, లేకపోతే చివరిదాకా వెతుకుతూ కూర్చుంటారు.

గది అవసరమైన మనిషి ఒక్కతే. ఆమె అక్కడ ప్రూఫులు దిద్దుతుంది. అచ్చుతప్పు కనబడితే కాలి కింద తేలు కనబడ్డట్టు ఉలిక్కిపడుతుంది కాబట్టి అందరూ అచ్చుతప్పులమ్మ అంటారు. కాన్పు సెలవు అయిపోయి ఈమధ్యే మళ్ళీ పనిలో చేరింది. ఇంటి దగ్గర పాపను అత్తగారు చూసుకుంటున్నారు. ఆ పాపను ఇంట్లో దొరసాని అంటారు. పేరుకు తగ్గట్టే ఆమెగారు సీసా నోట పెట్టనివ్వదు. తల్లి పాలే పిండి పెట్టినా, పోతపాలు కలిపినా, చెంచాతో పట్టినా, తుపుక్కున ఊసేసి, అత్తగారి మొహంలోకి ఒక్కసారి చూసి, ఇక ఇల్లెగిరిపోయేలా అందుకుంటుంది. అందుకని రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకు అత్తగారు దొరసానిని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఆఫీసుకు తీసుకొస్తారు.

అప్పటిదాకా ఆ పాలు తాగే కార్యక్రమం గోదాములో జరిగేది. అమ్ముడుపోని నిఘంటు సంపుటాలు దొంతర్లు దొంతర్లుగా పేర్చిన గోదాము అది. ఒక దొంతర వెనక చాప పరుచుకుని, తువ్వాలు కప్పుకుని ఆమె పాపకు పాలిచ్చేది. గోదాము గుమాస్తా మర్యాదస్తుడు. లోపల ఆడమనిషి ఉందని అందరికీ తెలియడానికి బయట నిలబడి అదేపనిగా దగ్గేవాడు. ఆ దగ్గు విని, ఏం కొంప మునిగిందోనని నలుగురూ వచ్చేవారు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని మొదటి సంపుటం సరిగ్గా ఆ వేళకే ఎవరికో ఒకరికి అర్జెంటుగా కావలసి వచ్చేది. తలుపు చప్పుడైనప్పుడల్లా అచ్చుతప్పులమ్మ బిగుసుకుపోయేది. తల్లి బిగుసుకుంటే పాలు రావు. పాలు రాకపోతే దొరసాని ఊరుకోదు.

మధ్యాహ్నం ఆ కాసేపూ సరిగ్గా కుదరకపోతే పాలు తగ్గిపోతాయి, ఆపైన ఎండిపోతాయి అని డాక్టరమ్మ చెప్పింది. తగ్గుతున్న సంగతి అచ్చుతప్పులమ్మకు తెలుస్తూనే ఉంది. పాప ముద్ద నోట పెట్టుకునే దాకా తన పాలే పట్టాలని ఆమె ఆశ. అప్పట్లో ఆమెకు అంతకు మించిన ఆశ ఏదీ లేదు. గడియ పడే తలుపొకటి, దగ్గనివాళ్ళు కాసేపు, అంతే ఆమెకు కావలసింది. ఆఫీసులో గది ఇస్తున్నారని తెలిసిన రోజున ఆమె మొగుడు, అదృష్టవంతురాలివి అని మెచ్చుకుని, ఆ వార్తను ఫోనులో చుట్టాలందరికీ పంపించి, తన బాధ్యత తీరినట్టు హాయిగా నిద్రపోయాడు.

గదికి పేరు పెట్టడానికి నామకరణ సంఘం ఏర్పడింది. అందులో నానార్థాలుగారు, వ్యుత్పత్తిగారు ఉన్నారు. అచ్చుతప్పులమ్మను తీసుకోలేదు. గది వాడుకునే మనిషికి గది మీద పక్షపాతం ఉంటుంది కదా. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి, తల్లిపాల గది అని రాయించేస్తే సరిపోతుందేమోనండీ అంది. పండితులిద్దరూ కలిసికట్టుగా పైకప్పు కేసి చూశారు. కాసేపటికి వ్యుత్పత్తిగారు తల దించకుండానే విషయం వివరించారు. తల్లి అన్న మాట పవిత్రమైనది. పాలు అన్న మాట స్వచ్ఛమైనది. విడివిడిగా రెండూ ఎంత గౌరవనీయాలో చెప్పనలవి కాదు. పక్కపక్కన పెడితే మాత్రం చదివేవాడి కళ్ళకు ఏదో కట్టే ప్రమాదం ఉంది. సభ్యత గల సంస్థ ఆ ప్రమాదం కొనితెచ్చుకోకూడదు. కనక ఒక మాట తీసేయాలని తీర్మానమయింది. తల్లిని తీసేశారు. 'పాలగది' అని బోర్డు వెలిసింది.

ఆ బోర్డు చూసి అందరికన్నా ఎక్కువ సంతోషించినవాడు క్యాంటీన్ అతను. పాపం, ఎన్నాళ్ళుగానో వరండాలో ఎండలో స్టవ్వు పెట్టుకుని అవస్థ పడుతున్నాడు. ఇన్నాళ్ళకు దేవుడు కరుణించాడనుకుని పాల ప్యాకెట్లు, స్టవ్వు, గిన్నెలు, గ్లాసులు అన్నీ తెచ్చి కొత్త గదిలో సర్దుకున్నాడు. మధ్యాహ్నం అత్తాకోడళ్ళు పాపతో వచ్చి చూస్తే గది ముందు గ్లాసులు పట్టుకుని ఆఫీసంతా బారులు తీరి ఉంది. వాళ్ళంతా దయగలవాళ్ళు. చంటిపిల్లతో వచ్చారు, వాళ్ళకు ముందు ఇవ్వవయ్యా అని దారి ఇచ్చారు. అచ్చుతప్పులమ్మకు టీ దొరికింది, అత్తగారికి చక్కెర ఎక్కువ వేసి మరీ ఇచ్చాడు. అది తాగి, ఇద్దరూ గోదాములోకి వెళ్ళారు.

పొరపాటు సంఘం దృష్టికి వచ్చింది. పాలు అంటే ఎవరి పాలో తెలియకపోవడమే ఈ అనర్థానికి మూలమని తేల్చి, ఈసారి పాలను తీసేసి తల్లిని పెట్టారు. క్యాంటీన్ అతను స్టవ్వుతో సహా మళ్ళీ వరండాలోకి వచ్చిపడ్డాడు. 'తల్లిగది' బోర్డు వేలాడదీసిన రోజే నానార్థాలుగారి తల్లిగారు కొడుకు ఆఫీసు చూద్దామని వచ్చారు. బోర్డు చదివారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. నా కొడుకు నాకోసం ఆఫీసులో గది కట్టించాడని కనబడ్డవాళ్ళందరికీ చెప్పి, లోపలికి వెళ్ళి, గడియ పెట్టుకుని, కుర్చీలో నడుం వాల్చారు. మర్నాటి నుంచి రోజూ దిండుతో సహా రావడం మొదలుపెట్టారు. లోకంలో అందర్నీ ఏ అర్థంలో అని నిలదీసే నానార్థాలుగారు తల్లిని మాత్రం ఆ ప్రశ్న అడగలేకపోయారు. ఆవిడ నిద్ర లేచే దాకా ఆ వరండాలో అందరూ మునివేళ్ళ మీద నడవవలసి వచ్చేది. కొన్నాళ్ళకు గదిలో టీవీ లేదని అలిగి ఆవిడే మానేశారు. అంతవరకూ దొరసాని గోదాములోనే తాగింది, తాగినంత.

ఈ అనుభవంతో సంఘానికి జ్ఞానోదయమైంది. తెలుగులో అంటే సిగ్గు వేసే మాట సంస్కృతంలో అంటే శాస్త్రమైపోతుందని వ్యుత్పత్తిగారు గుర్తుచేశారు. అలా వెలికి వచ్చిందే 'స్తన్యదాన మందిరం'. ఇందులో రెండు గొప్ప గుణాలున్నాయి. చదివినవాళ్ళకు అర్థం కాదు, అర్థమైనవాళ్ళు పైకి చెప్పరు. నానార్థాలుగారు కుర్చీలోంచి లేచి వ్యుత్పత్తిగారి చెయ్యి పట్టుకుని ఊపారు. బోర్డులు రాసే అతనికి వెంటనే ఫోను చేశారు.

ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. ఫోను ఉన్నది హాలు మధ్యలో. చుట్టూ ఆఫీసంతా ఉంది. వ్యుత్పత్తిగారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి ఆ మాట చెప్పారు. అవతలివాడు ఏమిటండీ అన్నాడు. ఇంకా తగ్గించి చెప్పారు. మళ్ళీ ఏమిటండీ అన్నాడు. ఇంకోసారి చెప్పే ధైర్యం లేక, అదేనయ్యా, మందిరం, రాసెయ్ అని పెట్టేశారు. బోర్డులవాడు తెలివైనవాడు. పెద్దలు పెట్టే మందిరాలు ఎలా ఉంటాయో అతనికి కొత్త కాదు. సాయంత్రానికల్లా బంగారు రంగు అక్షరాలతో తళతళలాడే బోర్డు తెచ్చి తనే మేకులు కొట్టి వెళ్ళాడు: 'సన్మాన మందిరం'.

అచ్చుతప్పులమ్మ మర్నాడు గుమ్మంలో అడుగు పెడుతూనే ఉలిక్కిపడింది. తిన్నగా నానార్థాలుగారి గదికి వెళ్ళి, బోర్డులో తప్పు పడిందండీ అంది. ఏ అర్థంలో అన్నారాయన. ఆ మాట సన్మానం కాదండీ అని, అసలు మాట పైకి చదవబోయింది. ఆయన గబగబా లేచి తలుపు దగ్గరికి వేసి, నెమ్మది, నెమ్మదమ్మా, నలుగురూ మసిలే చోటు అని బతిమాలారు. తప్పు దిద్దించాలంటే బోర్డులవాడికి ఆ మాట ఎవరో ఒకరు మళ్ళీ చెప్పాలి. గట్టిగా చెప్పాలి. అందుకు ఆఫీసులో ఎవరూ ముందుకు రాలేదు. నేను చెబుతానండీ అని ఆమె అంటే, ఆడపిల్లవు, నీ నోట ఆ మాటా అని ఇద్దరూ బాధపడ్డారు. కనక బోర్డు అలాగే ఉండనివ్వాలని నిర్ణయమైంది.

సన్మాన మందిరం అని ఉన్నాక సన్మానాలు జరగకపోతే బాగుండదు కదా. మొదట 'ప' అక్షరం సగం పూర్తి చేసినందుకు వ్యుత్పత్తిగారికి జరిగింది. మిగతా సగం పూర్తి చేయబోతున్నందుకు నానార్థాలుగారికి జరిగింది. టీ కాచినందుకు క్యాంటీన్ అతనికి, మర్యాదగా దగ్గినందుకు గోదాము గుమాస్తాకు జరిగాయి. పనివేళల్లో పని చెడగొట్టుకోకూడదు గనక అన్నీ మధ్యాహ్నం భోజనాల వేళే పెట్టేవారు. పూలదండ, ఫోటో, ఉపన్యాసం. చేతులున్న కుర్చీ అందుకు ఎంతో వీలుగా ఉందని సన్మానం పొందినవాళ్ళంతా ఒప్పుకున్నారు.

గోదాములో మాత్రం పరిస్థితి అంత బాగా లేదు. దొరసాని కాసేపు లాగడం, వదిలేసి ఏడవడం, మళ్ళీ పట్టుకోవడం, మళ్ళీ ఏడవడం. ఆ రోజు అత్తగారు సంచిలో పాలడబ్బా తెచ్చారు. చాలాసేపు దాన్ని బయటికి తీయలేదు. చివరికి కోడలి పక్కన కూలబడి మెల్లగా చెప్పారు.

"అమ్మాయ్, నాకు మాత్రం ఇష్టమనుకున్నావా? పిల్ల చిక్కిపోతోందే. అలవాటు చేద్దాం."

"ఇంకొక్క వారం చూద్దాం అత్తయ్యా," అంది అచ్చుతప్పులమ్మ. అని, నిఘంటువుల దొంతరకు తల ఆనించుకుని ఏడ్చేసింది. నా ఒంట్లో ఉన్నదాన్ని నా పిల్లకు ఇచ్చుకోవడానికి నాకు జాగా లేదే అన్న దుఃఖం ఆమెకు ఆగలేదు. అత్తగారు డబ్బా సంచిలోపలికి ఇంకాస్త తోసి, కోడలి వీపు నిమురుతూ కూర్చున్నారు.

సరిగ్గా ఆ సమయంలోనే ఆఫీసుకు ఒక సమస్య ఎదురైంది. సన్మానం చేయడానికి మనుషులు అయిపోయారు. తలుపు తలుపూ వెతికితే మిగిలింది అచ్చుతప్పులమ్మ ఒక్కతే. ఆమెను దేనికి సన్మానించాలా అని నామకరణ సంఘం తల పట్టుకు కూర్చుంది. అప్పుడు నానార్థాలుగారికి తట్టింది. అసలు ఆ గది మాతృమూర్తుల కోసం కదా మనం కట్టించింది! మాతృమూర్తికి మాతృమూర్తుల మందిరంలో సన్మానం అంటే ఎంత ఔచిత్యం! ముహూర్తం మామూలే, మర్నాడు భోజనాల వేళ.

అచ్చుతప్పులమ్మ కాదనలేదు. ఏ వంకనైతేనేం, ఆ గది లోపలికి వెళ్ళడం ఆమెకు అదే మొదటిసారి. కుర్చీలో కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. కుర్చీ నిజంగానే బాగుంది. మోచేతులకు ఆసరాగా ఉంది. ఈ జనం లేకపోతే, ఈ తలుపు వేసి ఉంటే అని ఆమె అనుకుంటూ ఉండగా ఆటో దిగి అత్తగారు దొరసానితో వచ్చారు. సభ కిక్కిరిసి ఉంది. నానార్థాలుగారు గొంతు సవరించుకున్నారు.

"సభాసదులారా! ఏ ద్రవాన్ని గ్రోలి మనమందరం ఇంతవాళ్ళమయ్యామో, ఏ ద్రవం లేనిదే ఈ మహానిఘంటువు లేదో, ఆ ద్రవాన్ని గురించి ముచ్చటించుకోవడం మన విధి. దాని పేరు నేను చెప్పను. చెప్పనవసరం లేదు. అది ఏమిటో మీ అందరి రక్తానికీ తెలుసు!"

చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్లకు దొరసాని లేచింది. లేవగానే ఆకలి గుర్తొచ్చింది. గుర్తు రాగానే అందుకుంది. ఆ ద్రవం జ్ఞానానికి తొలి మెట్టు అని నానార్థాలుగారు, ఆ ద్రవం నాగరికతకు పునాది అని వ్యుత్పత్తిగారు ఒకరి తర్వాత ఒకరు గొంతు పెంచుతూ పోయారు. దొరసాని వాళ్ళిద్దరినీ దాటిపోయింది. చివరికి వ్యుత్పత్తిగారు ఉపన్యాసం ఆపి అత్తగారి వైపు చూశారు.

"కాస్త పాపను ఊరుకోబెట్టండమ్మా. తల్లి గొప్పతనం గురించి చెబుతున్నాం."

"తల్లి గొప్పతనం దానికి తెలుసు బాబూ, అందుకే ఏడుస్తోంది," అన్నారు అత్తగారు.

ఆ ఏడుపు చెవిన పడుతున్నకొద్దీ అచ్చుతప్పులమ్మకు గుండెల్లో సూదులు గుచ్చినట్టు చురుక్కుమంది. ఆ చురుకు ఆమెకు తెలుసు. ఎన్నాళ్ళో అయింది అది వచ్చి. పాలు చేపుకొస్తున్నాయి. జాకెట్టు తడిసింది, దండలో కింది పూలు తడిశాయి. ఆపైన ఆమెకు సభ కనబడలేదు. దండ తీసి బల్ల మీద పెట్టింది. చేతులు చాపింది.

"ఇలా ఇవ్వండత్తయ్యా."

కుర్చీలో వెనక్కి సర్దుకుని, తువ్వాలు కప్పుకుని, పాపను రొమ్ముకు పెట్టుకుంది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. సభ కూడా ఆగిపోయింది. మళ్ళీ అందుకోబోయిన నానార్థాలుగారు "ఆ ద్ర" దగ్గర ఆగి, మిగతా అక్షరం మింగేశారు. కొందరు తిరగని ఫ్యాను వైపు చూశారు, కొందరు పెట్టుకోని గడియారం వైపు చూసుకున్నారు. ఏళ్ళుగా ఎవరికీ గుర్తు రాని పనులు ఆ క్షణాన అందరికీ గుర్తొచ్చాయి. ఒకాయనకు ఫైలు, ఒకాయనకు ఫోను, క్యాంటీన్ అతనికి స్టవ్వు మీద పాలు. ఒకరినొకరు తోసుకుంటూ కాళ్ళకు బుద్ధి చెప్పారు. అందరికన్నా చివర వెళ్ళిన వ్యుత్పత్తిగారు మొహం అటు తిప్పుకునే చెయ్యి వెనక్కి చాపి తలుపు లాగారు. ఆయన మర్యాద ఆయన్ని వదల్లేదు.

అత్తగారు లేచి గడియ పెట్టారు. గదిలో దొరసాని గుటకల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పాప ఒక చేత్తో తల్లి వేలు పట్టుకుని, కళ్ళు సగం మూసి, మధ్యమధ్యన ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతూ తాగుతోంది. అచ్చుతప్పులమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏది ఆపుకోవాలో తెలియలేదు. బయట ఎవరూ దగ్గలేదు.

"కానియ్యి, నెమ్మదిగా తాగనీ," అన్నారు అత్తగారు కర్టెను సరిచేస్తూ.

ఆ సంఘటన మీద ఆఫీసులో లోతైన చర్చ జరిగింది. బిడ్డకు పాలివ్వడం తప్పని ఒక్కరూ అనలేదు, అనకూడదు కూడా. జరిగిన సందర్భమే అందరినీ నొప్పించింది. ముందుగా చెప్పి ఉంటే మేమే హుందాగా లేచి వెళ్ళేవాళ్ళం కదా అని వాపోయారు. మర్నాడు నోటీసు పెట్టారు: 'ఇకమీదట సన్మానం పొందువారు, తమకు ఏ పని చేసినందుకు సన్మానం జరుగుచున్నదో ఆ పనిని సభ ముగియువరకు చేయరాదని తెలియజేయడమైనది.'

నోటీసు అవసరం పడలేదు. ఆ రోజు తర్వాత ఆ కుర్చీలో కూర్చుని దండ వేయించుకోవడానికి ఒక్క పండితుడూ ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే మొహం ఎర్రబడేది. అలా మధ్యాహ్నాలు గది ఖాళీ అయింది. అచ్చుతప్పులమ్మకు దాన్ని ఎవరూ ఇవ్వలేదు. వద్దనీ ఎవరూ అనలేదు, వద్దనాలంటే ఏది వద్దో చెప్పాలి. ఆమె రోజూ పాపను ఎత్తుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. పాలు మళ్ళీ పడ్డాయి. దొరసాని బుగ్గలు చూసి పక్కింటివాళ్ళు ఏం పెడుతున్నారని అడుగుతున్నారు. పాలడబ్బాలో అత్తగారు ఇప్పుడు గుండీలూ సూదులూ పోసుకున్నారు.

బోర్డు మాత్రం మారలేదు. ఆఫీసుకు వచ్చినవాళ్ళు మూసిన తలుపు చూసి లోపల ఏమిటని అడిగితే, అందరూ గొంతు తగ్గించి, సన్మానం జరుగుతోందండీ అంటారు. నిన్నగాక మొన్న కాన్పు సెలవు నుంచి వచ్చిన టైపిస్టు పిల్ల, అక్కా, మీ సన్మానం అయ్యాక నాది పెట్టుకుంటాను అని అచ్చుతప్పులమ్మను అడిగింది. అత్తగారు ఆటో అతన్ని, సన్మానానికి వేళ మించిపోతోంది, పోనీ నాయనా అని తొందరపెడుతున్నారు. 'స' అక్షరం వచ్చినప్పుడు ఈ కొత్త అర్థం చేర్చే విషయం ఆలోచిద్దామని నానార్థాలుగారు హామీ ఇచ్చారు. ప్రస్తుతం ఇంకా 'ప' నడుస్తోంది.

ఈ పండితుల సంగతి చదివి మీరు నవ్వుకునే ఉంటారు. నవ్వుకోండి, మీరు వాళ్ళలాంటివారు కారు. మొన్న బస్సులో మీ పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ ఉంటే, ఆవిడ తువ్వాలు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూస్తూ ఉంటే, మీరు ఎంతో సంస్కారంగా తల తిప్పుకుని, దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ఆవిడకు కావలసింది ఆ కిటికీ సీటే.